ఒహాయోలో బిగ్‌ఫుట్ సభకు మొదటిసారి వెళ్తున్నారా? మొదలు నుంచి చివరిదాకా ఒక మార్గదర్శి

అమెరికా అడవుల్లో మనిషిలా రెండు కాళ్ళ మీద నడిచే, ఒళ్ళంతా జుట్టున్న భారీ జీవి ఒకటి తిరుగుతోందని నమ్మేవాళ్ళు, దాని కోసం వెతికేవాళ్ళు, చూశామని చెప్పేవాళ్ళు ఏటా కొన్నిచోట్ల కలుసుకుంటారు. ఆ జీవినే బిగ్‌ఫుట్ అనీ, సాస్‌క్వాచ్ అనీ అంటారు. ఒహాయో రాష్ట్రంలో దానికి గ్రాస్‌మ్యాన్ అని స్థానికంగా ఇంకో పేరుంది. ఇలాంటి సభల్లో బాగా పేరున్నది ఒహాయో బిగ్‌ఫుట్ కాన్ఫరెన్స్. కేంబ్రిడ్జ్ అనే చిన్న ఊరికి దగ్గర్లో ఉన్న సాల్ట్ ఫోర్క్ స్టేట్ పార్క్ లాడ్జ్ దీనికి చాలా ఏళ్ళుగా వేదిక. కొలంబస్, క్లీవ్‌లాండ్, పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి ఇది వారాంతంలో వెళ్ళిరాగలిగినంత దూరమే. అందుకే ఈ సభనే ఉదాహరణగా తీసుకుని రాస్తున్నాను. చాలా సంగతులు వేరే సభలకీ పనికొస్తాయి.

నా అభిప్రాయం ముందే చెప్తాను. ఈ జీవి ఉందని ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేదు. ఎముక లేదు, కళేబరం లేదు, గట్టిగా నిలబడిన డీఎన్ఏ లేదు. అయినా ఈ సభలకు వెళ్ళాలనే అంటాను. ఒక మనిషి తాను చూసినదాన్ని ఎలా చెప్తాడు, దాన్ని ఇంకొకరు ఎలా పరీక్షిస్తారు, ఆనవాలుకీ రుజువుకీ మధ్య ఎంత దూరం ఉంటుంది అన్నవి ఇంత దగ్గరగా చూసే చోట్లు తక్కువ. అక్కడ ‘ఉందా, లేదా?’ అని అడిగితే సంభాషణ రెండు నిమిషాల్లో ముగుస్తుంది. ‘మీరేం చూశారు? అది ఫలానాదే అని ఎలా అనుకున్నారు?’ అని అడిగితే సాయంత్రం దాకా సాగుతుంది. కింద చెప్పేదంతా ఆ రెండో ప్రశ్న అడగగలిగేలా సిద్ధం కావడం గురించే.

మొదట, ఎలాంటి సభో తేల్చుకోండి

‘బిగ్‌ఫుట్ ఈవెంట్’ అని కనిపించేవన్నీ ఒకటి కావు. ప్రధానంగా మూడు రకాలుంటాయి.

ఒకటి కాన్ఫరెన్స్. హాల్లో కూర్చుని ఉపన్యాసాలు వింటారు, ప్రశ్నలు అడుగుతారు, స్టాల్స్ చూస్తారు. ఒహాయోది ఈ రకం.

రెండోది ఫెస్టివల్, మన ఊరి తిరునాళ్ళ లాంటిది. ఊరేగింపు, పాటలు, తినుబండారాలు, పిల్లల ఆటలు, బిగ్‌ఫుట్‌లా అరిచే పోటీలు ఉంటాయి. ఉత్తర కాలిఫోర్నియాలోని విల్లో క్రీక్ ఊరు జరుపుకునే బిగ్‌ఫుట్ డేజ్ ఇలాంటిదే. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఇదే హాయి. ఆ ఊళ్ళోని మ్యూజియంలో పాత పాదముద్రల అచ్చులు చాలా ఉన్నాయి కాబట్టి విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్ళకీ ఆ ప్రయాణం వృథా కాదు.

మూడోది ఎక్స్‌పెడిషన్. 1995లో మొదలైన బిగ్‌ఫుట్ ఫీల్డ్ రీసెర్చర్స్ ఆర్గనైజేషన్ లాంటి సంస్థలు డబ్బు తీసుకుని చిన్న బృందాలను అడవిలోకి తీసుకెళ్తాయి. రెండు మూడు రాత్రులు టెంట్లలో ఉండాలి. మొదటిసారే దీనికి వెళ్ళొద్దని నా సలహా. చీకట్లో వినిపించే ప్రతి చప్పుడూ కొత్తగా ఉన్నప్పుడు, పక్కవాళ్ళు ఏమంటే అదే నిజమనిపిస్తుంది. ముందు ఒక కాన్ఫరెన్స్‌లో కూర్చుని వాదప్రతివాదాలు విన్నాక వెళ్తే అదే అడవి వేరేగా వినిపిస్తుంది.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, హారిసన్ హాట్ స్ప్రింగ్స్ అనే చోట సాస్‌క్వాచ్ డేస్ జరుగుతాయి. అక్కడ సాస్‌క్వాచ్ అనేది ‘దొరుకుతుందా లేదా’ అనే ప్రశ్న కాదు. స్టెయిలిస్ ఆదివాసుల సంప్రదాయంలో భాగం. అక్కడికి వెళ్తే అతిథిలా వెళ్ళాలి. కెమెరా పైకెత్తే ముందు అడగాలి.

టికెట్టు, గది, దారి

ఒహాయో సభ మామూలుగా వసంతకాలంలో, చాలాసార్లు మే మొదట్లో జరుగుతుంది. తేదీలు, ధరలు, ఏ టికెట్‌తో ఏమేం చూడొచ్చు అన్నవి ఏటా మారతాయి కాబట్టి నిర్వాహకుల ప్రకటనలోనే చూసుకోండి. టికెట్ కంటే ముందు గది సంగతి చూడండి. పార్క్ లాడ్జ్‌లో గదులు త్వరగా నిండిపోతాయి. పార్క్‌లోనే క్యాబిన్లు, క్యాంప్‌గ్రౌండ్ ఉన్నాయి. అవీ దొరక్కపోతే కేంబ్రిడ్జ్‌లో మామూలు హోటళ్ళు ఉంటాయి. వీలైతే లాడ్జ్‌లోనో క్యాబిన్‌లోనో దిగమంటాను. అసలు మాటలు సాయంత్రం ఉపన్యాసాలు అయ్యాక, లాడ్జ్ లాబీలోనూ క్యాంప్ మంటల చుట్టూనూ నడుస్తాయి. మీ గది ఊళ్ళో ఉంటే అవి మొదలయ్యే వేళకి మీరు కారెక్కాల్సి వస్తుంది.

కొలంబస్ నుంచి ఐ-70 మీద తూర్పుగా వెళ్తే కేంబ్రిడ్జ్ వస్తుంది. అక్కడ ఐ-77 ఉత్తరం పట్టుకుని, తర్వాత యూఎస్ 22 మీద తూర్పుకి తిరగాలి. మొత్తం గంటన్నర. క్లీవ్‌లాండ్ నుంచి ఐ-77 మీద దక్షిణంగా రావాలి, పిట్స్‌బర్గ్ నుంచి ఐ-70 మీద పడమరగా రావాలి. రెండు చోట్ల నుంచీ దాదాపు రెండు గంటలు. పెట్రోల్ కేంబ్రిడ్జ్‌లోనే కొట్టించుకోండి. పార్క్ లోపల ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడకుండా మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. చీకటి పడ్డాక ఆ రోడ్ల మీద జింకలు ఉన్నట్టుండి అడ్డొస్తాయి. ఒకటి దాటితే వెనకాల ఇంకోటి ఉంటుందనుకుని నిదానంగా నడపండి.

తిండి విషయంలో శాకాహారులు లాడ్జ్ రెస్టారెంట్ మీదే ఆధారపడొద్దు. చిన్న ఊరు, దొరికేవి తక్కువ. పులిహోర, చపాతీలు, కొన్ని పండ్లు వెంట ఉంటే టెన్షన్ ఉండదు. క్యాంప్‌లో ఉంటే మాత్రం తిండి బయట వదలకండి. రకూన్లు రాత్రికి రాత్రే మూట విప్పేస్తాయి.

వెళ్ళేముందు ఈ మాత్రం తెలిసి ఉండాలి

ఇది దాటేయకండి. సభలో మాట్లాడేవాళ్ళు పాత సంగతులను సగం మాటల్లో ప్రస్తావిస్తూ పోతారు. వెనకాల కథ తెలియకపోతే ఏది కొత్త విషయమో, ఏది అరవై ఏళ్ళ నాటి గొడవో తెలియదు.

బిగ్‌ఫుట్ అనే పేరు దేశమంతా పాకింది 1958లో. ఉత్తర కాలిఫోర్నియాలో బ్లఫ్ క్రీక్ దగ్గర రోడ్డు పనులు చేస్తున్న జెర్రీ క్రూ అనే బుల్డోజర్ డ్రైవర్‌కి 16 అంగుళాల పాదముద్రలు కనిపించాయి. ఆయన ప్లాస్టర్ అచ్చు పట్టుకుని నిలబడిన ఫొటోతో హంబోల్ట్ టైమ్స్ పత్రిక వార్త వేసింది. ఆ రోడ్డు పని కాంట్రాక్టర్ రే వాలెస్ 2002లో చనిపోయాక, చెక్కతో చెక్కిన పాదాలతో ఆ ముద్రలు వేసింది ఆయనేనని కుటుంబ సభ్యులు బయటపెట్టారు. ఆ చెక్క పాదాలు దొరికిన అచ్చులన్నిటికీ సరిపోవని పరిశోధకుల్లో కొందరి వాదన. సభలో ఈ పేరెత్తితే రెండు వైపులా గట్టిగా మాట్లాడేవాళ్ళుంటారు.

1967 అక్టోబర్ 20న అదే బ్లఫ్ క్రీక్‌లో రోజర్ ప్యాటర్సన్, బాబ్ గిమ్లిన్ తీసిన ఫిల్ము ఈ రంగానికి గుండెకాయ. నిమిషం కూడా నిండని ఆ 16 ఎంఎం దృశ్యంలో నల్లటి ఆకారమొకటి ఇసుక మేట మీద నడుస్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుంది. సభల్లో దాన్ని ప్యాటీ అని ముద్దుగా పిలుస్తారు. ప్యాటర్సన్ 1972లో చనిపోయారు. గిమ్లిన్ తర్వాతి కాలంలో ఇలాంటి సభలకు అతిథిగా ఎన్నోసార్లు వచ్చారు. ఆ ఆకారం బొచ్చు సూట్ వేసుకున్న మనిషేననీ, ఆ మనిషి తానేననీ బాబ్ హైరోనిమస్ అనే ఆయన చెప్పుకున్నారు. ఇందులో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది కెమెరా వేగం గొడవ. సెకనుకి ఎన్ని ఫ్రేముల వేగంతో తీశారో ఖాయంగా తేలలేదు. 16 అనుకుంటే నడక ఒకలా, 24 అనుకుంటే మామూలు మనిషి నడకకి బాగా దగ్గరగా కనిపిస్తుంది. ఒక్క అంకె తేలకపోవడం వల్ల దశాబ్దాల వాదన ఎలా నిలబడిపోయిందో చూడండి. ఈ ఫిల్ము గురించి ఎవరైనా మాట్లాడుతుంటే, ఏ వేగం అనుకుని లెక్కలు చెప్తున్నారో గమనించండి.

యూనివర్సిటీల నుంచి వచ్చిన పేర్లలో రెండు పదే పదే వింటారు. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ మానవశాస్త్రవేత్త గ్రోవర్ క్రాంట్జ్ ఒకరు. ఈ పని వల్ల తోటివాళ్ళలో చిన్నచూపుకి గురైనా చివరిదాకా వదల్లేదు. 2002లో చనిపోయాక తన ఎముకలను స్మిత్సోనియన్ మ్యూజియానికి ఇచ్చేశారు. ఇంకొకరు ఐడహో స్టేట్ యూనివర్సిటీలో శరీరనిర్మాణ శాస్త్రం చెప్పిన జెఫ్ మెల్డ్రమ్. మనిషి పాదం నడుమ కమానులా గట్టిగా ఉంటుందని, తన దగ్గరున్న 300కు పైగా అచ్చుల్లో కొన్నిటిలో పాదం నడిమధ్య వంగిన గుర్తులున్నాయని ఆయన వాదించారు.

ఇక అటువైపు వాదనలు. 2014లో ఆక్స్‌ఫర్డ్ జన్యుశాస్త్రవేత్త బ్రయాన్ సైక్స్ బృందం, బిగ్‌ఫుట్‌వో, హిమాలయాల్లో ఉందని చెప్పుకునే అలాంటి జీవి యెతివో అని ప్రపంచం నలుమూలల నుంచి పంపిన వెంట్రుకల్లో 30 నమూనాల డీఎన్ఏని చదివింది. అన్నీ తెలిసిన జంతువులవే. ఎలుగుబంటి, గుర్రం, ఆవు, ముళ్ళపంది, రకూన్, చివరికి ఒకటి మనిషిది. 1976లో పీటర్ బర్న్ అనే అన్వేషకుడు ఎఫ్‌బీఐకి పంపిన వెంట్రుకలు జింక జాతివని 1977లో తేలింది. ఆ ఫైలు 2019లో బయటికొచ్చింది. నల్ల ఎలుగుబంట్లు ఎక్కువున్న చోట బిగ్‌ఫుట్ నివేదికలూ ఎక్కువేనని, జనాభానీ అడవి విస్తీర్ణాన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం నిలిచిందని ఫ్లో ఫాక్సన్ 2024లో జర్నల్ ఆఫ్ జువాలజీలో రాశారు.

ఈ ఎలుగుబంటి మాట సభలో ఎత్తితే మీకు తప్పక ఒక ఎదురు ప్రశ్న వస్తుంది: ‘ఒహాయోలో ఎలుగులే అంతంతమాత్రం కదా, మరి ఇక్కడ ఇన్ని నివేదికలేంటి?’ ప్రశ్నలో పస ఉంది. నల్ల ఎలుగు ఒహాయోలో అంతరించే ప్రమాదమున్న జంతువుల జాబితాలో ఉంది, బిగ్‌ఫుట్ నివేదికలు బాగా వచ్చే రాష్ట్రాల్లో ఒహాయో ఒకటి. కాకపోతే ఆ అధ్యయనం మొత్తం దేశం మీద ఒక ధోరణిని చూపిస్తుందే తప్ప ఒక్కో రాష్ట్రానికి తీర్పు చెప్పదు. ఇంత వివరంగా మాట్లాడగలిగితే అక్కడ మీతో కూర్చోడానికి అందరూ ఇష్టపడతారు.

అక్కడ ఎవరెవరు ఉంటారు

బయటినుంచి చూస్తే అందరూ ఒకటే అనిపిస్తారు గానీ లోపల పెద్ద పెద్ద చీలికలున్నాయి. ఇది రక్తమాంసాలున్న మామూలు జంతువే, ఇంకా దొరకలేదంతే అనేవాళ్ళు ఒక వైపు. మనసుతో మాట్లాడుతుందనీ, వెలుగు గోళాలతో, వేరే లోకాలతో సంబంధముందనీ అనేవాళ్ళు ఇంకో వైపు. రెండో వర్గాన్ని మొదటివాళ్ళు ‘వూ’ అంటారు. ఆ మాట వాళ్ళ ముఖం మీద వాడకండి, నొచ్చుకుంటారు. రుజువు కోసం ఒక్కదాన్నైనా చంపాలనేవాళ్ళకీ, అస్సలు కూడదనేవాళ్ళకీ మధ్య ఇంకో గొడవ. వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కమేనియా కౌంటీ 1969లోనే సాస్‌క్వాచ్‌ని చంపడం నేరమని చట్టం చేసిందని తెలుసుకుని వెళ్ళండి, పనికొస్తుంది.

చూశానని చెప్పేవాళ్ళు తమను ‘నమ్మేవాళ్ళు’ అనుకోరు, ‘తెలిసినవాళ్ళు’ అనుకుంటారు. నివేదికల విషయంలో క్లాస్ ఏ అంటే స్పష్టంగా కళ్ళతో చూసినది, క్లాస్ బీ అంటే చప్పుడో, సరిగ్గా కనిపించనిదో. చెట్టు మీద కర్రతో కొట్టినట్టు వినిపించే శబ్దం వుడ్ నాక్. ఏదో తెలియని మసక ముద్దలా ఉన్న ఫొటో బ్లాబ్‌స్క్వాచ్. ఈ నాలుగు మాటలు తెలిస్తే చాలు.

బ్యాగులో ఏముండాలి

ఒహాయోలో మే నెలంటే పగలు వెచ్చగా, రాత్రి చలిగా ఉంటుంది, ఉన్నట్టుండి వాన కురుస్తుంది. పొరలు పొరలుగా బట్టలు, నీళ్ళు తట్టుకునే బూట్లు, రెయిన్ జాకెట్ కావాలి. ఎర్ర వెలుతురు ఇచ్చే హెడ్‌ల్యాంప్ ఒకటి తీసుకోండి. తెల్లటి వెలుతురు అందరి కళ్ళలో కొడితే రాత్రి నడకలో విసుక్కుంటారు. నోట్‌బుక్, రెండు పెన్నులు, కొలిచే చిన్న టేపు మర్చిపోవద్దు.

అన్నిటికంటే ముఖ్యం టిక్స్ నుంచి జాగ్రత్త. మన పశువులకు పట్టే గోమారుల జాతివే ఇవి. ఇక్కడి నల్లకాళ్ళ టిక్ లైమ్ జబ్బు అంటిస్తుంది. పొడుగు ప్యాంటు వేసుకుని, దాని అంచుల్ని సాక్స్‌లోకి దోపుకోండి. పర్మెత్రిన్ మందు బట్టలకే కొట్టాలి, ఒంటికి పూయకూడదు. ఒంటికి డీట్ ఉన్న లోషన్ వాడండి. గదికి రాగానే మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టులో వెతుక్కోండి. పిల్లలకైతే మీరే చూడండి. కరిచి ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగేయాలి. కాల్చడం, నూనె పూయడం చేయొద్దు. తర్వాతి వారాల్లో దద్దురు గానీ జ్వరం గానీ వస్తే డాక్టర్‌కి టిక్ కరిచిన సంగతి చెప్పండి. తాకితే దురద దద్దుర్లు తెప్పించే, మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ మొక్కని కూడా గుర్తుపట్టడం నేర్చుకోండి.

సభ రోజు

హాలు తలుపులు తెరిచే టైమ్‌కి ముందే వెళ్ళండి. ముందు వరుసల కోసమే కాదు, ఉపన్యాసకులు తీరిగ్గా దొరికేది అప్పుడే. మధ్యాహ్నానికి వాళ్ళ బల్లల ముందు క్యూలు మొదలవుతాయి.

ఉపన్యాసం వింటూ నేను నోట్‌బుక్ పేజీని నిలువుగా రెండుగా గీసుకుంటాను. ఎడమవైపు వాళ్ళు కళ్ళతో చూసింది, చెవులతో విన్నది, కొలిచింది. కుడివైపు దాని నుంచి వాళ్ళు తేల్చింది. ‘రాత్రి రెండింటికి కొండ వైపు నుంచి పొడుగాటి అరుపు వచ్చింది, నలభై సెకన్లు’ అన్నది ఎడమవైపుకి. ‘అది తన గుంపుని పిలుస్తోంది’ అన్నది కుడివైపుకి. గంట ఉపన్యాసం అయ్యేసరికి ఏ వైపు నిండిందో చూస్తే ఆ మనిషి పని తీరు తెలిసిపోతుంది. కొందరు మంచి వక్తల విషయంలో ఎడమవైపు దాదాపు ఖాళీగా ఉంటుంది. గొంతు వణుకుతూ, స్లైడ్లు తారుమారు చేసుకుంటూ మాట్లాడే మనిషి ఆ పేజీని నింపేస్తాడు.

ప్రశ్నల సమయంలో ఒక్క ప్రశ్నే, చిన్నగా అడగండి. ‘దీనికి మీకు తోచిన వేరే కారణాలేమిటి, వాటిని ఎలా కొట్టిపారేశారు?’ అన్నది ఎక్కడైనా పనిచేస్తుంది. నిజంగా పని చేసినవాళ్ళకి ఈ ప్రశ్నంటే ఇష్టం. మైకు దొరికింది కదా అని ఉపన్యాసం ఇవ్వకండి, ఎగతాళి అసలే వద్దు. ఎంతోమంది ఊళ్ళో మాటలు పడి, ఇక్కడైనా నవ్వరని వచ్చినవాళ్ళు. ఫొటోలకీ రికార్డింగ్‌కీ నిర్వాహకుల నియమాలు చూసుకోండి. ఉపన్యాసాన్ని మొత్తం వీడియో తీయడం చాలాచోట్ల ఒప్పుకోరు.

సాక్షులతో మాట్లాడటం

ఈ ప్రయాణానికి అసలు ఫలం ఇదే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

చూశానని చెప్పేవాళ్ళలో వేటగాళ్ళు, ట్రక్కు డ్రైవర్లు, నర్సులు, రిటైరైన పోలీసులు, రైతులు ఉంటారు. స్టేజీ ఎక్కేవాళ్ళు కొద్దిమందే. మిగిలినవాళ్ళు గోడ పక్కన నిలబడి ఉంటారు. ఒహాయోలో ఇలాంటి అనుభవాలు కొత్తవి కావు. 1978 ఆగస్టులో మినర్వా అనే ఊళ్ళో ఒక కుటుంబం తమ ఇంటి దగ్గర ఇలాంటి ఆకారం చూశామని చెబితే ఆ ఊరికి జనం పోటెత్తారు. ఆ కుటుంబానికి మనశ్శాంతి లేకుండా పోయింది. ఒక మనిషి తన అనుభవాన్ని ఏళ్ళ తరబడి ఎందుకు దాచుకుంటాడో ఆ ఒక్క సంగతితో అర్థమవుతుంది.

ముందు మీ గురించి చెప్పండి. ఎక్కడి నుంచి వచ్చారు, ఎందుకు వచ్చారు. ‘నేనేమీ చూడలేదు, వినడానికి వచ్చాను’ అంటే చాలు. మీరు నమ్మట్లేదనిపిస్తే అది దాచాల్సిన పని లేదు, అడగకుండా చెప్పాల్సిన పనీ లేదు.

ప్రశ్నలో జవాబు పెట్టొద్దు. ‘ఎనిమిదడుగులుందా?’ అంటే అవతలి జ్ఞాపకంలోకి మన ఎనిమిదడుగులు వెళ్ళిపోతాయి. ‘ఎత్తు ఎలా అంచనా వేశారు? పక్కన ఏముంది?’ అని అడగండి. కంచె స్తంభం అంటే, ఆ స్తంభాన్ని తర్వాత కొలిచారేమో అడగండి. వెలుతురు ఎటునుంచి పడింది, ఎంత దూరం, ఎంతసేపు కనిపించింది, మధ్యలో కొమ్మలూ పొగమంచూ ఉన్నాయా అని ఒక్కొక్కటిగా. ‘మొదటి క్షణంలో ఏమనుకున్నారు?’ అన్నది తప్పక అడగాల్సినది. చాలామంది ‘ఎలుగుబంటి అనుకున్నాను’ లేదా ‘సూట్ వేసుకున్న మనిషనుకున్నాను’ అంటారు. ఆ అభిప్రాయం ఎప్పుడు, ఎందుకు మారిందో చెప్పేటప్పుడే కథలో అసలు వివరాలు బయటికొస్తాయి.

నేనైతే చివర్లో ‘ఈ సంగతి మొదట ఎవరికి చెప్పారు?’ అని అడగమంటాను. ఈ ప్రశ్నకి జంతువుతో సంబంధం లేదు. భార్యకి చెప్పానని ఒకరు, పదేళ్ళు ఎవరికీ చెప్పలేదని ఒకరు, తమ్ముడికి చెబితే ఇప్పటికీ దాని మీదే ఆట పట్టిస్తాడని ఇంకొకరు. కొందరి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అప్పుడు నోట్‌బుక్ మూసేయండి. వాళ్ళు చూసింది ఏదైనా సరే, ఆ భయం నిజమైనది.

పేరు, ఊరు, ఫోన్ నంబర్ రాసుకునే ముందు అడగండి. వాళ్ళ పొలం ఎక్కడో, ఏ మలుపు దగ్గర చూశారో ఎక్కడా పోస్ట్ చేయకండి. జనం టార్చిలైట్లు పట్టుకుని ఆ పొలంలోకి దిగిపోతారు.

స్టాల్స్, అచ్చులు

టీషర్టులు, కప్పులు సరే. ఆగి చూడాల్సినవి పాదముద్రల ప్లాస్టర్ అచ్చులు. అచ్చు కనిపిస్తే దాని మూలం అడగండి: ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారు, ఇది మొదటి అచ్చా, నకలుకి నకలా? పక్కనున్న ఇంకో అడుగు అచ్చు ఉందా? ఒకే మనిషి అడుగులైనా మట్టిని బట్టి, వేగాన్ని బట్టి మారతాయి. వరసలో ప్రతి అడుగులోనూ వేళ్ళు అచ్చంగా ఒకేలా ఉంటే చెక్కిన పాదమేమోనని అనుమానించాలి.

కొన్ని అచ్చుల మీద వేలిముద్రల్లాంటి సన్నటి గీతలు చూపిస్తారు. క్రాంట్జ్ వీటికి చాలా విలువ ఇచ్చారు. పొడిమట్టి ప్లాస్టర్‌లోని నీటిని పీల్చేసుకునేటప్పుడు అలాంటి గీతలే ఏర్పడతాయని తర్వాత ప్రయోగాలు చేసి చూపించారు. కాబట్టి మట్టి తడిగా ఉండిందా, పొడిగానా అని అడగండి. 2000లో వాషింగ్టన్ రాష్ట్రంలో తీసిన స్కూకమ్ అచ్చు గురించీ వింటారు. పడుకున్న సాస్‌క్వాచ్ ఒంటి ముద్ర అని కొందరు, పడుకుని లేచిన ఎల్క్ దుప్పిదని కొందరు ఇప్పటికీ వాదిస్తారు.

‘డీఎన్ఏ రుజువు’ అని ఎవరైనా డబ్బు అడిగితే తొందరపడకండి. 2008లో జార్జియాలో ఇద్దరు ఫ్రీజర్‌లో బిగ్‌ఫుట్ శవం ఉందని ప్రకటిస్తే ప్రపంచమంతా వార్త అయింది. మంచు కరిగాక అది రబ్బరు సూట్.

‘మీరు ఇండియా నుంచా? యెతి గురించి చెప్పండి!’

ఈ ప్రశ్న మీకు తప్పదు. హిమాలయాలు మనకి ఎంత దూరమో వాళ్ళకి తెలియదు, మీ దగ్గర ఏదో కథ ఉంటుందని ఆశగా అడుగుతారు. లేని కథ అల్లకండి. తెలిసినది చెప్పండి: 1951లో పర్వతారోహకుడు ఎరిక్ షిప్టన్ మెన్‌లుంగ్ హిమానీనదం మీద తీసిన పాదముద్ర ఫొటో, 1960-61లో ఎవరెస్ట్ ఎక్కిన హిల్లరీ బృందం పరీక్షకు తీసుకెళ్ళిన, నేపాల్‌లోని ఖుమ్‌జుంగ్ మఠంలోని ‘యెతి తల చర్మం’ సీరో అనే కొండమేక తోలుతో చేసినదని తేలడం, 2019 ఏప్రిల్‌లో మన భారత సైన్యమే మకాలు బేస్ క్యాంప్ దగ్గర 32 అంగుళాల పాదముద్రలు చూశామని ట్వీట్ చేయడం. 2017లో షార్లెట్ లిండ్‌క్విస్ట్ బృందం పరీక్షించిన తొమ్మిది యెతి నమూనాల్లో ఎనిమిది ఎలుగులవీ, ఒకటి కుక్కదీ అని తేలింది. ఆ సైన్యం ట్వీట్ సంగతి విన్నాక మీ చుట్టూ కుర్చీలు చేరతాయి.

రాత్రి అడవిలో

సాల్ట్ ఫోర్క్ 17 వేల ఎకరాలకు పైగా ఉన్న పార్క్, ఒహాయో స్టేట్ పార్కుల్లో అతి పెద్దది. హోసాక్స్ కేవ్ అనే రాతి గుహ దగ్గర చూశామనే కథలు చాలా ఉన్నాయి. పగలే ఒకసారి నడిచి రండి, దారి తెలుస్తుంది, జలపాతం కూడా బాగుంటుంది. రాత్రి నడకలుంటే నిర్వాహకులతోనే వెళ్ళండి. ఒంటరిగా వద్దు. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో గదిలో ఉన్నవాళ్ళకి చెప్పండి. పార్క్ సరిహద్దు దాటితే ప్రైవేటు పొలాలు. చీకట్లో వాటిలోకి వెళ్ళడం ప్రమాదకరం, చట్టవిరుద్ధం కూడా.

వెళ్ళేముందు నాలుగు గొంతులు విని వెళ్ళండి: బార్డ్ గుడ్లగూబ, ఎర్ర నక్క, కొయొటీ, రకూన్. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళ మెర్లిన్ అనే ఉచిత యాప్‌లో గుడ్లగూబ పిలుపులు దొరుకుతాయి. రెండు బార్డ్ గుడ్లగూబలు పోటీపడి అరుస్తుంటే కోతుల గుంపు కేకలు పెడుతున్నట్టే ఉంటుంది. ఆడనక్క అరుపు వింటే ఎవరో మనిషి ఆపదలో ఉన్నారనిపిస్తుంది. ఇవి తెలిసి, ఆ తర్వాత కూడా అంతుపట్టనిది ఏదైనా వినిపిస్తే, దాని విలువ వేరు.

మీరు కర్రతో చెట్టు కొట్టకండి, కేక పెట్టకండి. అదే కొండ అవతల ఇంకో బృందం ఉండి, మీ చప్పుడునే రికార్డ్ చేసుకుని సంతోషపడొచ్చు. చేయాల్సిందే అని నాయకుడు చెబితే టైమ్, చోటు రాసిపెట్టండి. మర్నాడు ఉదయం రెండు బృందాల రాతలూ పోల్చి చూడమని అడగండి.

మీకే పాదముద్ర కనిపిస్తే

ముందు దాని చుట్టూ ఎవరినీ తొక్కనివ్వకండి. నీడ పడేలా ఒక పక్కనుంచి లైటు వేసి, కెమెరాని సరిగ్గా నిలువుగా పైనుంచి పట్టుకుని ఫొటో తీయండి. పక్కన టేపు పెట్టండి, చెయ్యో బూటో పెట్టడం కొలత కాదు. ఒక్క ముద్రతో ఆగకుండా ముందు వెనకల మిగతావి వెతికి, ఒక మడమ నుంచి తర్వాతి మడమకి దూరం కొలవండి. లొకేషన్, టైమ్, మట్టి తడి ఎంతుందో, చివరి వాన ఎప్పుడు పడిందో రాయండి. జింక డెక్కల మీద జింక డెక్కలు పడినా, ఎలుగు ముందు పాదం మీద వెనక పాదం పడినా పొడుగాటి ఒకే పాదంలా కనిపిస్తుంది. అంచుల్లో గోళ్ళ గుర్తులున్నాయేమో చూడండి.

అచ్చు తీసేముందు పార్క్ సిబ్బందిని అడగండి. ఒప్పుకుంటే, నీటిలో ప్లాస్టర్‌ని నెమ్మదిగా కలుపుతూ మజ్జిగ పులుసంత చిక్కగా రానివ్వండి. ముద్రలో ఉన్న ఆకుల్ని, పుల్లల్ని పీకొద్దు, ముద్రతో పాటు నొక్కుకుపోయినవి కూడా సమాచారమే. ప్లాస్టర్‌ని నేరుగా ముద్ర మీద గుమ్మరించకుండా అంచు నుంచి పారనివ్వండి. అరగంట దాటాక, చల్లగా ఉంటే ఇంకా ఆలస్యంగా, చుట్టూ మట్టి తవ్వి కిందనుంచి ఎత్తండి. అంటుకున్న మట్టిని అప్పుడే కడగొద్దు. కొన్ని రోజులు ఆరనిచ్చి, మెత్తని బ్రష్‌తో దులపండి. వెనకవైపు తేదీ, చోటు, అడుగు వరసలో దీని నంబర్ చెక్కండి.

సభలో పరిచయమైన ఒకరికి, బిగ్‌ఫుట్‌ని నమ్మని ఒక వన్యప్రాణి నిపుణుడికి, ఇద్దరికీ అవే ఫొటోలు, అవే కొలతలు పంపండి. ఒకరి జవాబు ఇంకొకరికి ముందే చెప్పకండి.